మీగడ కింద వేడి

మొన్న వేసవి సెలవులకి వచ్చిన మా మనవరాలి కొడుకు ఒక మధ్యాహ్నం రెండు స్టీలు గ్లాసులు పట్టుకొచ్చి, ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో అప్పుడే పొయ్యి మీంచి దింపిన మరిగే నీళ్ళు పోసి, రెండూ ఫ్రిజ్ పై అరలో మంచు గడ్డకట్టే చోట పెట్టి, ఏది ముందు గడ్డకడుతుందో చెప్పు తాతమ్మా అని నాతో పందెం వేశాడు. నేను చన్నీళ్ళే అంటానని, అప్పుడు నన్ను ఓడించి ఇల్లంతా టాంటాం వేద్దామని వాడి ఎత్తు. చదువుతున్న పేపరు దించకుండానే మరిగిన నీళ్ళే అన్నాను. వాడి మొహం వాడిపోయింది. నీకెలా తెలుసని గుచ్చి గుచ్చి అడిగాడు గానీ నేను చెప్పలేదు.

ఆ రోజు గంటకి పదిసార్లు ఫ్రిజ్ తలుపు తీసి, మా కోడలి చేత చీవాట్లు తిని, చివరికి వేన్నీళ్ళ గ్లాసు అంచునే ముందు మంచు పట్టిందని గంతులు వేశాడు. మర్నాడు మళ్ళీ పెడితే చన్నీళ్ళే గెలిచాయి. ఒక్కోసారే అలా జరుగుతుందట, ఎప్పుడూ కాదట. ఎందుకు జరుగుతుందో బాగా చదువుకున్నవాళ్ళకి కూడా ఇంకా తేలలేదట. వేడి నీళ్ళలో కొంత ఆవిరైపోవడంతో చల్లారాల్సిన నీళ్ళే తగ్గిపోతాయని కొందరు, లోపల అడుగు నీళ్ళు పైకీ పై నీళ్ళు అడుగుకీ గిర్రున తిరిగి వేడిని తొందరగా బయటికి నెట్టేస్తాయని కొందరు, అసలు మీరు కొలవడమే సరిగ్గా లేదని ఇంకొందరు తగువులాడుకుంటున్నారట. వాడు అదంతా కంప్యూటర్లో చదివి నాకు విప్పి చెబుతుంటే ఊఁ కొడుతూ కూర్చున్నాను. వాడికి తెలియనిదేమిటంటే, ఆ వింత నేను డెబ్భై ఏళ్ళ కిందటే రాజోలు తాలూకాలో మా అత్తవారి వంటింటి వసారాలో చూశాను, చూసి కుళ్ళుకున్నాను, ఆ కుళ్ళుతోనే ఒక పాడు పని కూడా చేశాను. తొంభైకి దగ్గరపడ్డాను గనక ఇంక దాచుకుని ఎవరికి పెట్టాలి, మీకు చెప్పేస్తున్నాను.

స్వరాజ్యం వచ్చిన ఏడాదే నేను ఆ ఇంటికి పెద్ద కోడలిగా వెళ్ళాను. ఊరి చుట్టూ కొబ్బరి తోట, వెనక వరి చేలు, పెరట్లో నాలుగు గేదెలు, వాటికి తోడు అత్తగారి కంఠం. నా ఈడు వాళ్ళకి దాలి అంటే విడమరిచి చెప్పక్కర్లేదు గానీ ఈ కాలం పిల్లలెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను, వంటింటి మూల నేలలో గుంట తవ్వి, అందులో పిడకలు పేర్చి రగిల్చి, పొద్దుటి పాలకుండ దాని మీద పెట్టి వదిలేస్తే సాయంత్రానికి పాలు ఎర్రగా, చిక్కగా కాగి, మీద అరచెయ్యి మందాన మీగడ కట్టేది. మందం సంగతి కాస్త ఎక్కువ చెప్పానేమో, కానీ ఇప్పటి పాకెట్ పాలు చూసి చూసి నా కళ్ళకి అప్పటివన్నీ అలాగే కనిపిస్తాయి. దీపాలు పెట్టే వేళకి ఆ పాలు దింపి, గోరువెచ్చగా అయ్యాక తోడు పెట్టాలి. ఆ గోరువెచ్చదనం పట్టుకోవడంలోనే ఉంది విద్యంతా. వేడి మీద తోడు పెడితే విరిగి నీరూరిపోతుంది, మరీ చల్లారాక పెడితే తోడుకోకుండా పాలలాగే మిగిలిపోతుంది. ఏ కోడలి చేతి పెరుగు గట్టిగా తోడుకుంటే ఆ కోడలి హస్తవాసి మంచిదని, పాలగది తాళం ఆ చేతికే ఇవ్వాలని మా వైపు పెద్దవాళ్ళ పట్టింపు. పాలగది తాళం చేతికొచ్చిందంటే నెయ్యి, వెన్న, బెల్లం, పచ్చళ్ళు అన్నీ ఆ చేతి కిందికి వచ్చినట్టే. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇల్లే.

నేను వెళ్ళిన మొదటి ఏడాదంతా ఆ గదికి రేపో మాపో నేనే అధికారినన్న ధీమాతో ఉన్నాను. నాకు ఇంకో మంచి పేరు కూడా ఉండేది. నేను ఎవరినీ పల్లెత్తు మాట అనేదాన్ని కాదు, గొంతు పెంచేదాన్ని కాదు, ఏడుపొచ్చినా గేదెల పాకలోకి వెళ్ళి ఏడ్చి మొహం కడుక్కుని వచ్చేదాన్ని. వచ్చినవాళ్ళందరితో మా అత్తగారు మా పెద్దమ్మాయి చల్లటి మనిషండి అని చెప్పుకునేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు పులకరించేది. చల్లటి మనిషి కడుపులో ఏముందో ఎవరు చూడొచ్చారు.

అప్పుడు వచ్చింది మా చిన్న తోడికోడలు, మా మరిది భార్య. కొత్తపేట వైపు పిల్ల, నాకంటే రెండేళ్ళు చిన్న. మంచి కనుముక్కు తీరు, నడుం దాటిన జడ, బండారులంక నేత చీర కట్టుకుని వాకిట్లోకి వస్తే చీరకే అందం వచ్చేది. అదే రంగు చీర నాకూ కొన్నారు, నేను కట్టుకుంటే ఎవరూ తల తిప్పి చూడలేదు. ఆవిడ నోరు మాత్రం తుపాకీ. కుండ పగిలినా, పిల్లి పాలు తాగినా, మరిది ఆలస్యంగా వచ్చినా ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది, మామగారు వీధి అరుగు మీద ఉన్నారన్న భయం కూడా ఉండేది కాదు. పని అయిపోయింది, దీన్ని పుట్టింటికి పంపేస్తారు అని నేను లోలోపల సంబరపడే లోపలే, పట్టుమని పది నిమిషాలు కాకుండా, ఎవరి మీద అరిచిందో వాళ్ళ దగ్గరికే వచ్చి తల దువ్వుతాననో, మల్లెపూలు మాల కట్టి పెడతాననో కూర్చునేది. అత్తగారు తిట్టుకుంటూనే నవ్వేవారు. నేనేమో ఎవరైనా ఒక్క మాట అంటే పైకి నవ్వుతూనే ఆరు నెలలు గుర్తు పెట్టుకునేదాన్ని. ఇంట్లో అందరికీ ఆ అరిచే మనిషి మీదే ప్రేమ ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఆఖరికి మా ఆయన కూడా ఒకరోజు పెరుగు వేసుకుంటూ ఇది మీ చెల్లెలు తోడు పెట్టిందా అని అడిగారు, అడిగి ఇంకో గరిటె వేయించుకున్నారు. ఆ గరిటె చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ఆవిడ తోడు పెట్టే పద్ధతే నాకు కంటగింపు. నేను పొద్దు వాలక ముందే నా కుండ దాలి మీంచి దింపి, ఒక పక్కన కదపకుండా ఉంచేదాన్ని, తొందరగా చల్లారుతుందని. అత్తగారి ఇంట్లో ఒక ఆన ఉంది, వెన్న తగ్గిపోతుంది గనక పాల మీద కట్టిన మీగడ పగలకొట్టకూడదు. నేను దాన్ని అక్షరాలా పాటించి, మీగడ అంచుని గరిటె కాడతో కొంచెం ఎత్తి, ఆ సందులోంచి తోడు కిందికి జారవిడిచేదాన్ని. పొద్దున్న మూత తీస్తే ఒక్క గీత కూడా లేని మీగడ అద్దంలా ఉండేది. ఆవిడకి ఆ ఓపిక లేదు. గేదెల పని, దీపాల పని అంతా అయ్యాక, అప్పటిదాకా దాలి మీదే కుతకుతలాడుతున్న కుండని గుడ్డతో పట్టుకుని గబగబా తెచ్చి, పొగలు కక్కుతున్న పాలని వేరే కుండలోకి ఎత్తి పోసి, నా కుండ పక్కనే వసారాలో తడిపిన ఇసక మీద పెట్టేది. పెట్టి, మాటిమాటికీ చిటికెన వేలు పాలల్లో ముంచి చూసేది. మీగడ కట్టబోతుంటే పగిలేది, మళ్ళీ కట్టబోతే మళ్ళీ పగిలేది. ఈ మనిషి తోడు పెట్టేసరికి తెల్లారుతుంది అనుకునేదాన్ని.

మొదటిసారి అత్తగారే మా రెండు కుండల్నీ ఒకేసారి చూశారు. ఇద్దరివీ ఒకే వేళకి ఇసక మీదికి చేరాయి, నావి అప్పటికే సగం చల్లారినవి, ఆవిడవి దాలి మీంచి అప్పుడే లేచినవి. కాసేపయ్యాక అత్తగారు ఆవిడ కుండలో వేలు పెట్టి, చల్లారిందే అన్నారు. నా కుండలో మీగడ పక్కకి తప్పించి వేలు పెట్టి చురుక్కుమని తీసేసుకున్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆవిడ ఏదో మాయ చేసిందనీ, నేను చూడనప్పుడు చన్నీళ్ళు కలిపిందనీ, దాలిలో పిడకలు తీసేసి ఉంచిందనీ ఏవేవో అనుకున్నాను, నాలుగు రోజులు ఆవిడ వెనకే కాపలా కాశాను కూడా. ఏమీ లేదు. పొగలు కక్కే పాలు ఆవిరంతా వదిలేసుకుని చల్లారిపోయేవి, నా పాలేమో మీద దుప్పటి కప్పుకున్నట్టు మీగడ కప్పుకుని లోపల వేడి లోపలే దాచుకునేవి. ఇప్పుడు ఇలా తేలిగ్గా చెబుతున్నాను గానీ అప్పుడు ఇది అర్థమయ్యేటంత స్థిమితం నాకు లేదు. మరిగే పాలు ముందు చల్లారడం ఎలా కుదురుతుందో ఆ పిల్లనడిగితే చెప్పేదే, కానీ నేను అడగడమా?

స్వరాజ్యం వచ్చిన మూడో ఏడు మాఘమాసంలో అత్తగారూ మామగారూ కాశీ ప్రయాణం పెట్టుకున్నారు. రెండు నెలల దాకా రారు. అత్తగారికి అప్పటికే కళ్ళకి శుక్లాలు కమ్ముతున్నాయి, చూపు మసక, తిరిగొచ్చాక కూడా పాలగది చూసుకోలేనని తనే అన్నారు. తాళం ఎవరికిస్తారో అని ఊళ్ళో ఆడవాళ్ళందరూ అడగడమే. పెద్ద కోడలికే ఇవ్వాలి కదా, అది నా హక్కు. కానీ అత్తగారు నోటితో ఆ మాట అనలేదు. ప్రయాణం ముందురోజు చుట్టాలకి భోజనాలు పెడుతున్నాం, నలభై విస్తళ్ళు లేస్తాయి, ఇద్దరూ చెరో రెండు కుండలు తోడు పెట్టండి, ఎవరి పెరుగు విస్తట్లో గట్టిగా నిలబడితే తాళం వాళ్ళకి అని నవ్వుతూ అన్నారు. అత్తగారికి నవ్వులాట. నాకు కాదు.

భోజనాలకి ముందు సాయంత్రం నేను నా రెండు కుండలూ మరీ ముందుగా దింపాను. మీగడ అంతకు ముందెప్పుడూ లేనంత మందంగా కట్టింది, చూసి మురిసిపోయాను. దీపాలు పెట్టాక ఆవిడ పొగలు కక్కుతున్న పాలు తెచ్చి పెట్టుకుని, ఎప్పట్లాగే వేళ్ళు ముంచుకుంటూ కూర్చుంది. నేను మాత్రం నా మీగడ పగలకొట్టకూడదని, కుండ బయట చెయ్యి వేసి చూసి, మీగడ మీద అరచెయ్యి పెట్టి చూసి, చల్లగానే తగిలిందని అంచు ఎత్తి తోడు జారవిడిచేశాను. ఆవిడ కంటే ముందు లేచి వెళ్ళాలన్న పంతం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. ఆవిడ తల ఎత్తి, అప్పుడే పెట్టేసేరా అక్కయ్యగారూ అంది. ఆయ్ అన్నాను, నా పెరుగు గురించి నీకెందుకు అన్నట్టు.

కోడి కూసే వేళకి లేచి మూత తీశాను. మీగడ అద్దంలాగే ఉంది. అంచున గరిటె దింపితే కింద తేరుకున్న నీళ్ళు, ముక్కలు ముక్కలుగా విరిగినదేదో, పుల్లటి వాసన. రెండో కుండ కూడా అంతే. పక్కన ఆవిడ కుండలు తీసి చూశాను, కదిపితే కదలనంత గట్టిగా ఉన్నాయి. ఆ మసక వెలుతురులో నాలుగు మూతలూ మళ్ళీ పెట్టేశాను. కుండలన్నీ ఒకే కుమ్మరి చేసినవి, ఒకే నలుపు, ఒకే పరిమాణం. తూర్పు వైపువి నావి, పడమటి వైపువి ఆవిడవి అని అత్తగారు చెప్పి పెట్టించిందే తప్ప వేరే గుర్తు లేదు. ఊపిరి బిగబట్టి ఒక్కో కుండనీ పొట్ట మీద ఆనించుకుని, పెరుగు తొణక్కుండా అటువి ఇటు, ఇటువి అటు మార్చాను. నాలుగు కుండలు మార్చేసరికి వొళ్ళంతా చెమట. మార్చి, మొహం కడుక్కుని, ముగ్గు వేయడానికి వాకిట్లోకి వెళ్ళాను. ముగ్గు బాగా కుదిరిందని ఆ రోజు మామగారు మెచ్చుకున్నారు కూడా.

భోజనాల దగ్గర అత్తగారు తనే కుండల మూతలు తీయించారు. నావి అనుకున్న కుండల్లోంచి గరిటె నిలబడే పెరుగు విస్తట్లో పడింది, చుట్టాలు ఓహో అన్నారు. రెండో వైపు కుండ మూత తీసి చిన్న తోడికోడలు గరిటె దింపింది, దింపిన గరిటె అలాగే పట్టుకుని ఇంతెత్తున లేచింది. ఇది నేను తోడెట్టింది కాదండీ అత్తయ్యగారూ, ఒట్టండీ, నా బిడ్డ మీద ఒట్టండీ అని పంక్తులన్నీ వినేలా అరిచింది. అప్పుడావిడ కడుపుతో ఉంది. అందరూ తలలు తిప్పి చూశారు. తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఒట్టు పెట్టుకోవడమేమిటమ్మా అని ఎవరో పెద్దావిడ అంది. ఆవిడ కళ్ళు ఎర్రగా చేసుకుని అందరి మొహాలూ చూసి, ఆఖరికి నా కుండలూ నా మొహమూ చూసింది. గరిటె అక్కడే పడేసి నూతి దగ్గరికి వెళ్ళిపోయింది. చేద నూతిలో పడ్డ చప్పుడు, నీళ్ళు కాళ్ళ మీద కుమ్మరించుకుంటున్న చప్పుడు వినిపించాయి. ఇప్పుడు వచ్చి నా పేరు బయటపెడుతుంది అనుకున్నాను.

పది నిమిషాల్లో వచ్చింది. తడి పాదాలతో నా దగ్గరికే వచ్చి, అక్కయ్యగారూ, అల్లం ఎక్కడుందండీ, ఈ పెరుగుని మజ్జిగ పులుసు చేసేద్దాం, చుట్టాలు కూచున్నారు కదండీ అంది. నేను అల్లం తీసిచ్చాను. ఆవిడ ఆనపకాయ ముక్కలు వేసి, కొబ్బరి నూరి పోసి, ఇంత ఇంగువ తగిలించి పులుసు కాచింది. తోడు పెట్టిన పెరుగు పాడైతేనేం, పులుసు అమృతంలా ఉందమ్మా చిన్న కోడలా అని ప్రతి విస్తరి దగ్గరా మెచ్చుకున్నారు. నా పేరుతో వడ్డించిన గట్టి పెరుగు సంగతి ఆ పులుసు వచ్చాక ఎవరికీ గుర్తే లేదు. పాలగది తాళం మాత్రం నా బొడ్లోకి వచ్చింది. గెలిచినదాన్ని నేను, ఆ మధ్యాహ్నం గేదెల పాకలోకి వెళ్ళి ఏడ్చింది కూడా నేనే.

ఆ తాళం మూడేళ్ళు మోశాను. మోసిన ప్రతి రోజూ ఆవిడకి తెలుసా తెలీదా అని నాలో నేనే తర్జనభర్జన పడేదాన్ని. ఆవిడ ఎప్పటిలాగే పొద్దున్న అరిచేది, మధ్యాహ్నానికి నవ్వేది. మగపిల్లాడు పుట్టాడు, ఇంకా బాగుంది. నాకు అప్పటికి ఇద్దరూ ఆడపిల్లలే. వాడిని కూడా నా వొళ్ళోనే పడేసి పనికి వెళ్ళేది, నాకంటే నమ్మకమైన మనిషి లేనట్టు. నేను వాడిని ఎత్తుకుని, వీడి మీద ఒట్టు పెట్టిన పెరుగు అని అనుకునేదాన్ని. చెప్పేద్దామని గొంతు దాకా వచ్చేది. వచ్చి, ఆవిడ ఏదో మంచి పని చేసి మెప్పు పొందుతుంటే మళ్ళీ కిందికి దిగిపోయేది.

తరవాత అన్నదమ్ములు వేరుపడ్డారు, తగువు లేకుండానే. మా మరిది తన అత్తవారి వైపు వాళ్ళతో కలిసి మండపేటలో బియ్యం మిల్లు పెట్టాలని సిద్ధమయ్యాడు. సామాన్లు బండికి ఎక్కిస్తున్న రోజు ఆవిడ ఒక పాత పాలకుండ చంకన పెట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతూ, నన్ను గుమ్మం వెనక్కి లాగింది.

"అక్కయ్యగారూ, తోడెట్టే ముందు వేలు పెట్టి చూసుకోండి. మీగడ పగిలితే పగిలిందండి. పైన చల్లగానే ఉంటుంది, వేడంతా కిందే కాసుక్కూచుంటుందండి. ఆ కాశీ భోజనాల నాడు మీ కుండల మీగడలో నా వేలు పెట్టిన చిల్లు ఉందండి. ఆయ్, అప్పుడే చూసేను."

మరి అప్పుడే అందరిలో చెప్పలేదేం అని అడిగాను.

"నూతి దాకా వెళ్ళేసరికి చల్లారిపోయింది కదండీ. ఇంకేం చెప్పను?"

బండి కదిలిపోయింది. మీరు ఏమనుకుంటారో గానీ నాకు అప్పుడు సిగ్గుకంటే ముందు వచ్చింది అసూయే. ఆ పిల్లని అన్యాయంగా నలభై మందిలో నిలబెట్టాను, పట్టుబడ్డాను, అయినా నా మనసులో మెదిలింది ఒక్కటే, ఇంత పెద్ద వేడిని పది నిమిషాల్లో ఎలా పోగొట్టుకుంది, నాకెందుకు చేతకాదు అని. ఆవిడ జడ చూసి, చీర చూసి, పెరుగు చూసి, కొడుకుని చూసి పడ్డ కుళ్ళంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట విని పడ్డ కుళ్ళు ఒక ఎత్తు.

ఆ తరవాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, చావుల్లో ఎన్నోసార్లు కలిశాం. క్షమించమ్మా అనడానికి ఇన్నేళ్ళూ సరిపోలేదు నాకు. ఆవిడ ఎదురొచ్చి చెయ్యి పట్టుకునేది, నేను చల్లటి మనిషినే అయి నవ్వేదాన్ని.

మనవరాలి కొడుకు గ్లాసుల ఆట ఆడిన మర్నాడు మా అబ్బాయిని కారు తియ్యమన్నాను. ఒకప్పుడు రేవు దగ్గర పడవ కోసం పూటంతా పడిగాపులు పడ్డ గోదావరిని రావులపాలెం వంతెన మీద రెండు నిమిషాల్లో దాటేశాం. మండపేట మిల్లు రోడ్డులో బియ్యం లారీలు వరసగా ఆగి ఉన్నాయి. మా తోడికోడలు వెనక వసారాలో మంచం మీద కూర్చుని ఉంది, ఆ నడుం దాటిన జడ ఇప్పుడు వేలెడు పిలక, ఎవరి మీదో అరుస్తోంది. నన్ను చూసి, వచ్చేరా అక్కయ్యగారూ అని అరుపు మధ్యలోనే నవ్వింది. జ్ఞాపకం బాగానే ఉంది, మా పెద్దమ్మాయి పురుడు సంగతి, గేదె నూతిలో పడ్డ సంగతి అన్నీ తనే చెప్పుకొచ్చింది. కోడలు నాకు పాలు తేవడానికి లోపలికి వెళ్ళాక, మెల్లగా చెప్పాను. కుండలు మార్చింది నేనే, నీకు తెలుసని నాకు తెలుసు, ఇన్నాళ్ళూ నోరు రాలేదు, నన్ను క్షమించు అని, ఏడవకుండా చెబుదామనుకున్నాను గానీ ఏడ్చాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏ పెరుగండీ? కాశీ వెళ్ళేరు, అది గుర్తుందండి. మావయ్యగారు పడవలో చెప్పు పారేసుకున్నారు. పెరుగు సంగతి మటుకు..." అని ఆలోచించి, తల అడ్డంగా ఊపింది. "లేదండి. మీరు నాకేం చేసేరండి అక్కయ్యగారూ?"

నటన కాదు. ఆవిడకి నటించడం చేతకాదు, ఎప్పుడూ చేతకాలేదు. డెబ్భై ఏళ్ళు నేను బొడ్లో తాళంలాగా మోసినదానికి ఆవిడ దగ్గర ఆనవాలు కూడా లేదు. క్షమించమని అడిగితే క్షమించడానికి కూడా ఏమీ మిగల్చుకోలేదు ఆ మనిషి. ఇంక నా వేడి నేనే పట్టుకుని కూర్చోవాలి. ఆవిడ మరుపు మీద కూడా నాకు అసూయే పుట్టింది, ఈ వయసులో, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే.

కోడలు పాలగ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది. మాటల్లో పడి మేం చూడలేదు, మీద పల్చగా మీగడ కట్టింది. నేను గ్లాసు బయట చెయ్యి పెట్టి చూస్తున్నాను. మా తోడికోడలు వంగి, వణికే చిటికెన వేలు మీగడలోంచి పాలల్లో ముంచి, ఆయ్, చల్లారింది, తాగండి అంది.

తాగాను. ఇంటికి వచ్చాక మా కోడలు రాత్రి భోజనంలోకి ఫ్రిజ్ లోంచి ప్లాస్టిక్ డబ్బా పెరుగు తీసి, మీద కాగితం చింపి నా కంచంలో వేసింది. దాలి ఎప్పుడో పోయింది, నల్ల కుండలు పోయాయి, పెరుగు ఎవరి చేత్తో తోడుకుందో అడిగేవాళ్ళే లేరు, హస్తవాసి గురించి తోడికోడళ్ళు పోటీలు పడక్కర్లేదు, ఒకరి కుండ ఇంకొకరు మార్చుకోనక్కర్లేదు. మంచిదే అని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ ఆ పెరుగు మీద ఎంతసేపు వెతికినా ఎవరి వేలి గుర్తూ కనిపించలేదు.